కార్డు స్వైప్ నుంచి కీబోర్డు దాకా.. మీ ఇన్సెంటివ్ లెక్క ఎవరి చేతిలో? పోటీ జీతాల్లో టెక్నాలజీ ఆడుతున్న ఆట ఇదే!

ఐటీ ఉద్యోగి శాలరీ స్లిప్ ఓపెన్ చేయగానే ముందు చూసేది బేసిక్ పే కాదు. అది ఎంతో ముందే తెలుసు. కళ్లు వెతికేది ఒకే ఒక్క లైన్.. వేరియబుల్ పే. ఈసారి ఫుల్‌గా పడిందా? సగమే వచ్చిందా? అసలు పడిందా, లేదా? ఆ తర్వాత వచ్చే రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. పక్క సీట్లో ఉన్నవాళ్లకు ఎంత పడింది?

ఒకప్పుడు ఈ లెక్క మేనేజర్ మనసులో ఉండేది. ఏడాదికోసారి పిలిచి, నాలుగు మంచి మాటలు, రెండు చెడ్డ మాటలు చెప్పి చేతిలో లెటర్ పెట్టేవాళ్లు. ఇప్పుడు సీన్ మారింది. గేటు దగ్గర కార్డు స్వైప్ చేసిన టైమ్, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నిమిషాలు, క్లోజ్ చేసిన టికెట్లు, తీసుకున్న కాల్స్, కస్టమర్ ఇచ్చిన స్టార్లు.. అన్నీ సిస్టమ్‌లో నమోదవుతున్నాయి. ఆఫీసుల్లోనే కాదు, రోడ్డు మీద బైక్‌పై తిరిగే డెలివరీ రైడర్‌ దీ ఇదే కథ.

మరి యంత్రం లెక్కపెడితే న్యాయం జరుగుతుందా? లేక ఉద్యోగుల మధ్య పోటీ ఇంకా ముదురుతుందా? ఇన్సెంటివ్‌లు, టెక్నాలజీ కలిసిన చోట అసలేం జరుగుతోందో ఒక్కొక్కటిగా చూద్దాం.

హాజరు శాతాన్ని బట్టి వేరియబుల్ పే

మనకు బాగా తెలిసిన ఉదాహరణతో మొదలుపెడదాం. దేశంలో అతిపెద్ద ఐటీ కంపెనీ టీసీఎస్ 2024లో వేరియబుల్ పేను ఆఫీసు హాజరుతో ముడిపెట్టింది. అప్పట్లో మీడియాలో వచ్చిన వివరాల ప్రకారం లెక్క ఇలా ఉంది. హాజరు 60 శాతం కంటే తక్కువైతే ఆ త్రైమాసికానికి వేరియబుల్ పే లేదు. 60 నుంచి 75 శాతం మధ్య ఉంటే సగం. 75 నుంచి 85 శాతం మధ్య ఉంటే ముప్పావు వంతు. 85 శాతం దాటితేనే పూర్తిగా.

కంపెనీ కోణంలో చూస్తే ఇది సూటి నిబంధనే. కరోనా తర్వాత ఉద్యోగులను ఆఫీసుకు రప్పించాలి. మెయిల్స్ పెడితే వినలేదు, డబ్బుతో ముడిపెడితే వింటారు. ఇక్కడ ఉద్యోగికి ఒక మేలు కూడా ఉంది. రూల్ ముందే తెలుసు. ఎంత హాజరుంటే ఎంత వస్తుందో ఎవరికి వారే లెక్కేసుకోవచ్చు. పక్కవాళ్లు రోజూ వచ్చినంత మాత్రాన మీ వాటా తగ్గదు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇక్కడ యంత్రం కొలిచింది దేన్ని? పనిని కాదు, మనిషి గేటు దాటి లోపలికి రావడాన్ని. పని ఎంత బాగా చేశారో కొలవడం కష్టం. కార్డు స్వైప్‌ను కొలవడం తేలిక. తేలిగ్గా కొలవగలిగేది ఏదుంటే జీతం దాని చుట్టూ తిరగడం మొదలవుతుంది. ఈ కథకంతా మూలం ఇక్కడే ఉంది.

ఇన్సెంటివ్‌లు అన్నీ ఒకటి కాదు

ఇన్సెంటివ్ అనగానే మనం అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాం. నిజానికి వీటిలో రెండు రకాలున్నాయి.

మొదటిది.. మీ పనికి మీ డబ్బు. ఎంత చేస్తే అంత. పొలంలో గుత్తకు తీసుకున్న పని లాంటిదన్నమాట. పక్కవాళ్లు ఎంత చేశారన్నది మీకు అనవసరం.

రెండోది.. పోటీ. మీరు ఎంత చేశారన్నది కాదు, పక్కవాళ్ల కంటే ఎంత ఎక్కువ చేశారన్నది ముఖ్యం. టీమ్‌లో టాప్ ఇద్దరికే పెద్ద బోనస్, చివర ఉన్నవారికి సున్నా. ఇలాంటి జీతాన్ని ఎడ్వర్డ్ లేజియర్, షెర్విన్ రోజెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1981లోనే ఆటల టోర్నమెంట్‌తో పోల్చారు. టోర్నమెంట్‌లో ఎన్ని పరుగులు కొట్టారన్నది కాదు, ఎవరు గెలిచారన్నదే లెక్క.

టెక్నాలజీ ఈ రెండింటికీ సాయం చేస్తుంది. కానీ ఫలితం మాత్రం ఒకేలా ఉండదు. దీనికి రెండు గట్టి ఆధారాలున్నాయి.

అద్దాలు బిగించే కంపెనీ చెప్పిన పాఠం

అమెరికాలో సేఫ్‌లైట్ అనే కంపెనీ ఉంది. కారు అద్దం పగిలితే కొత్తది బిగించడం దాని పని. 1990ల మధ్యలో ఈ కంపెనీ గంటల లెక్కన ఇచ్చే జీతం నుంచి అద్దానికి ఇంత అనే పద్ధతికి మారింది. ఏ కార్మికుడు ఎన్ని అద్దాలు బిగించాడో నమోదు చేసే కంప్యూటర్ వ్యవస్థ ఉండటం వల్లే ఈ మార్పు సాధ్యమైంది. కనీస జీతానికి గ్యారంటీ కూడా ఉంచింది.

ఆ లెక్కలన్నీ పరిశీలించిన లేజియర్ 2000లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కో కార్మికుడి ఉత్పాదకత సగటున 44 శాతం పెరిగింది. ఇందులో దాదాపు సగం.. ఉన్నవాళ్లే ఎక్కువ పని చేయడం వల్ల వచ్చింది. మిగతాది చురుకైన కార్మికులు కంపెనీలో చేరడం, ఉండిపోవడం లాంటి కారణాల వల్ల వచ్చింది. కార్మికుల సంపాదన కూడా దాదాపు 10 శాతం పెరిగింది.

అంటే యంత్రం లెక్కపెట్టడమే తప్పు కాదు. పని స్పష్టంగా కనిపించేదైతే, ఎవరి లెక్క వారిదైతే రెండు పక్షాలకూ లాభమే. అయితే 44 శాతం ఎక్కడ, 10 శాతం ఎక్కడ? పెరిగిన పనిలో పెద్ద వాటా ఎవరికి పోయిందో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. అది కూడా గుర్తుపెట్టుకోవాల్సిన విషయమే.

పండ్ల తోటలో ఏం జరిగింది?

రెండో ఆధారం బ్రిటన్‌లోని ఒక పండ్ల తోట నుంచి. అక్కడ పండ్లు కోసే కూలీలకు మొదట్లో పోటీ పద్ధతిలో డబ్బులిచ్చేవారు. ఆ రోజు అందరూ కలిసి సగటున ఎంత కోశారో చూసి, దాన్ని బట్టి కిలోకు రేటు కట్టేవారు. సగటు పెరిగితే కిలో రేటు తగ్గుతుంది. అంటే ఒకరు చకచకా కోస్తే పక్కవారందరికీ రేటు పడిపోతుంది.

కూలీలు ఏం చేశారు? అందరూ నెమ్మదించారు. ముఖ్యంగా పక్కనే స్నేహితులున్న చోట మరీ నెమ్మదించారు. నేను ఎక్కువ కోస్తే నీకు నష్టం, నువ్వు ఎక్కువ కోస్తే నాకు నష్టం. ఎందుకొచ్చిన గొడవ అన్నమాట!

సీజన్ మధ్యలో యాజమాన్యం పద్ధతి మార్చింది. ఎవరు కోసినదానికి వారికే, ముందే చెప్పిన రేటు. అంతే, సగటు ఉత్పాదకత కనీసం 50 శాతం పెరిగింది. ఒరియానా బాండియేరా, ఇవాన్ బారంకే, ఇమ్రాన్ రసూల్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2005లో ప్రచురించిన అధ్యయనం ఇది.

ఇందులో ఇంకో ఆసక్తికరమైన విషయం ఉంది. మొక్కలు ఎత్తుగా పెరిగి పక్కవాళ్లు ఎంత కోస్తున్నారో కనిపించని చోట ఈ నెమ్మదింపు లేదు. ఒకరినొకరు చూసుకోగలిగిన చోటే కూలీలు సర్దుకుపోయారు. కొలత ఎవరికి కనిపిస్తుందన్న దాన్ని బట్టి కూడా మనుషుల ప్రవర్తన మారుతుందన్నమాట. ఈ రోజుల్లో ఆఫీసు డ్యాష్‌బోర్డ్ చేస్తున్న పని సరిగ్గా ఇదే. అందరి అంకెలను అందరి ముందు పెడుతోంది.

బెల్ కర్వ్.. పదిమందిలో ఎవరో ఒకరు పోవాల్సిందే

పోటీ జీతానికి కార్పొరేట్ ప్రపంచంలో పెట్టిన పేరు బెల్ కర్వ్. జనరల్ ఎలక్ట్రిక్ సీఈవోగా జాక్ వెల్చ్ దీన్ని పాపులర్ చేశారు. టాప్ 20 శాతం, మధ్యలో 70 శాతం, కింద 10 శాతం. పైవారికి బహుమతులు, కిందివారికి ఇంటిదారి.

ఒక ఉదాహరణ చూద్దాం. పదిమంది టీమ్ ఉందనుకోండి. పదిమందీ బాగా పనిచేశారు. అయినా రూల్ ప్రకారం ఒకరిని కింద పెట్టాల్సిందే. ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రాడు మీ దగ్గరికి వచ్చి, అన్నా ఈ ఎర్రర్ ఎలా ఫిక్స్ చేయాలి అని అడిగాడు. చెబితే మీకు గంట పోతుంది. వాడి అంకె పెరుగుతుంది, మీ అంకె తగ్గుతుంది. చెప్పకపోతే? మీరు చెడ్డవాళ్లు కాదు. కానీ సిస్టమ్ మిమ్మల్ని అటువైపే నెడుతుంది.

మైక్రోసాఫ్ట్‌లో జరిగింది ఇదే అని 2012లో వచ్చిన ఒక మ్యాగజైన్ కథనం పెద్ద చర్చకు తెరలేపింది. మంచి ఇంజినీర్లు మంచి ఇంజినీర్లతో కలిసి ఒకే టీమ్‌లో పనిచేయడానికి జంకేవారని, ర్యాంకు దెబ్బతింటుందన్న భయమే కారణమని ఆ కథనం చెప్పింది. చివరకు 2013 నవంబర్‌లో కంపెనీ ఈ పద్ధతిని ఎత్తేసింది. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల సీఈవో కావడానికి కొద్ది నెలల ముందు జరిగిన మార్పు ఇది. కొత్త విధానంలో ఉద్యోగిని చూసేటప్పుడు తన పనితోపాటు ఇతరుల విజయానికి ఎంత తోడ్పడ్డారు, ఇతరుల పనిని ఎంత బాగా వాడుకున్నారు అన్నవి కూడా లెక్కలోకి తెచ్చారు.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. అప్పట్లో ఈ ర్యాంకింగ్ ఏడాదికోసారి, మేనేజర్లు గదిలో కూర్చుని చేసే తతంగం. మిగతా రోజుల్లో మనుషులు కాస్త మనుషుల్లా ఉండేవారు. డ్యాష్‌బోర్డ్ వచ్చాక ర్యాంకు రోజూ మారుతుంది, కొన్నిచోట్ల గంటగంటకూ మారుతుంది. టోర్నమెంట్ నడపడానికి అయ్యే ఖర్చును టెక్నాలజీ దాదాపు సున్నా చేసింది. అందుకే పాత బెల్ కర్వ్ పోయిందని చెప్పిన చోట కూడా దాని నీడ ఇంకా కనిపిస్తోంది.

గోడ మీద పేర్లు.. ఎలక్ట్రానిక్ కొరడా

ఇది కంప్యూటర్ ఉద్యోగాలకే పరిమితం అనుకుంటే పొరపాటే. అమెరికాలోని అనహైమ్‌లో ఉన్న డిస్నీల్యాండ్ హోటళ్ల లాండ్రీల్లో పెద్ద స్క్రీన్లు పెట్టారు. దుప్పట్లు, తువ్వాళ్లు మెషీన్లలో వేసే కార్మికుల పేర్లు, టార్గెట్‌తో పోలిస్తే వాళ్ల వేగం ఎంతో అందరికీ కనిపించేలా వేసేవారు. వెనకబడితే రంగు మారేది. ఆ స్క్రీన్‌కు అక్కడి కార్మికులు పెట్టిన పేరు ఎలక్ట్రానిక్ కొరడా. 2011లో ఈ విషయం అమెరికా పత్రికలకెక్కింది. బోనస్ పైసా లేకపోయినా, కేవలం ర్యాంకు కనిపించడమే మనిషిని ఎంత పరుగెత్తిస్తుందో చెప్పే ఉదాహరణ ఇది.

అంకె కోసం ఆడే ఆట.. ఒకే బ్యాంకు, రెండు కథలు

పోటీ, టార్గెట్, కంప్యూటర్ లెక్క.. ఈ మూడూ కలిస్తే ఎంత దూరం వెళ్తుందో చూపిన కేసు అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకుది. హైదరాబాద్‌లోనూ ఈ బ్యాంకుకు పెద్ద కేంద్రం ఉంది.

అక్కడి బ్రాంచ్ ఉద్యోగులకు ఒక్కో కస్టమర్‌కు వీలైనన్ని ఖాతాలు, కార్డులు అమ్మాలన్న టార్గెట్లు ఉండేవి. అమ్మకాలను బట్టి ర్యాంకులిచ్చే రిపోర్టులు తిరిగేవి. ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో అందరికీ తెలిసేది. తట్టుకోలేక కొందరు ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. నకిలీ ఈమెయిల్ ఐడీలు కూడా సృష్టించారు. సిస్టమ్‌లో అంకె పెరిగింది. బ్యాంకుకు నిజమైన వ్యాపారం మాత్రం రాలేదు. అచ్చంగా కాకి లెక్కలు!

2016 సెప్టెంబర్‌లో నియంత్రణ సంస్థలు ఈ బ్యాంకుపై మొత్తం 18.5 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. అప్పటికే దాదాపు 5,300 మంది ఉద్యోగులను తీసేసినట్టు తేలింది. అనుమతి లేకుండా తెరిచి ఉండొచ్చన్న ఖాతాల సంఖ్య 35 లక్షల దాకా ఉంటుందని ఆ తర్వాత ఏడాది బ్యాంకే అంచనా వేసింది. చివరకు 2020లో కేసుల పరిష్కారానికి 300 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఇక్కడితో అయిపోలేదు. 2024లో అదే బ్యాంకు పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఈసారి డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. కారణం? పని చేస్తున్నట్టు కనిపించడానికి కీబోర్డు కదలికలను కృత్రిమంగా సృష్టించారట. మౌస్‌ను దానంతట అదే కదిలించే చిన్న పరికరాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. స్క్రీన్ మీద గ్రీన్ లైట్ ఆరిపోకుండా ఉంటే చాలు.

రెండు కథలకూ ఎనిమిదేళ్ల తేడా. కానీ లోపల ఉన్న సూత్రం ఒక్కటే. యంత్రం ఖాతాలను లెక్కపెడితే ఖాతాలు పుట్టుకొచ్చాయి. యంత్రం మౌస్ కదలికను లెక్కపెడితే మౌస్ కదిలింది. మోసం చేసినవారిది తప్పే, సందేహం లేదు. కానీ ఏం కొలవాలో నిర్ణయించినవారి సంగతేంటి?

డెలివరీ రైడర్‌కు పోటీ ఎవరితో?

ఇప్పుడు మన రోడ్ల మీదకు వద్దాం. డెలివరీ యాప్‌లలో రైడర్ సంపాదన ఆర్డర్‌కు ఇంత అని మొదలవుతుంది. దాని పైన ఇన్సెంటివ్ శ్లాబ్‌లు ఉంటాయి. ఉదాహరణకు 20 ఆర్డర్లు పూర్తి చేస్తే ఒక మొత్తం, 25 చేస్తే ఇంకొంత అనుకుందాం. 24 దగ్గర ఆగిపోతే పై శ్లాబ్ డబ్బులు రావు. రాత్రి 11 గంటలకు ఇంకొక్క ఆర్డర్ కోసం వానలో ఎదురుచూసే రైడర్ ఎందుకు ఇంటికి వెళ్లట్లేదో ఇప్పుడు అర్థమవుతుంది.

పైకి చూస్తే ఇది మొదటి రకం ఇన్సెంటివ్. ఎంత చేస్తే అంత. కానీ ఒక తేడా ఉంది. ఆర్డర్ ఎవరికి వెళ్లాలో నిర్ణయించేది యాప్. అదే ఏరియాలో ఇంకో వందమంది రైడర్లు చేరితే ఉన్న ఆర్డర్లే అందరికీ పంచాలి. 25వ ఆర్డర్ దొరకడం కష్టమవుతుంది. అంటే తెలియకుండానే ఒక రైడర్ మరో రైడర్‌తో పోటీ పడుతున్నాడు. ర్యాంకుల బోర్డు కనిపించదు, కానీ టోర్నమెంట్ నడుస్తూనే ఉంటుంది. శ్లాబ్‌ను మార్చే అధికారం కూడా కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఆట మధ్యలో గోల్ పోస్ట్ జరపగలిగిన అంపైర్ అన్నమాట.

2025 డిసెంబర్ చివరి వారంలో, క్రిస్మస్ రోజున, మళ్లీ డిసెంబర్ 31న డెలివరీ వర్కర్ల సంఘాలు దేశవ్యాప్త సమ్మెకు పిలుపునిచ్చాయి. ఈ పిలుపులో తెలంగాణ సంఘం ముందు నిలిచింది. తగ్గిపోతున్న చెల్లింపులు, 10 నిమిషాల డెలివరీ ఒత్తిడి వాళ్ల ప్రధాన ఫిర్యాదుల్లో ఉన్నాయి. ఆ తర్వాత కేంద్ర కార్మిక శాఖ కంపెనీలతో మాట్లాడింది. 2026 జనవరిలో బ్లింకిట్ తన ప్రచారం నుంచి 10 నిమిషాల మాటను తీసేసింది. ప్రకటన మారింది. కానీ రైడర్‌ను పరుగెత్తించేది ప్రకటనలోని మాట ఒక్కటే కాదు, ఫోన్‌లోని శ్లాబ్ కూడా. అసలు ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఏఐ వచ్చాక టాపర్ పరిస్థితి ఏంటి?

ఇప్పుడు ఈ కథలోకి కొత్త పాత్ర వచ్చింది. అదే ఏఐ.

ఎరిక్ బ్రిన్‌యాల్ఫ్‌సన్, డేనియల్ లీ, లిండ్సే రేమండ్ అనే పరిశోధకులు 2023లో ఒక అధ్యయనం విడుదల చేశారు. కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసే 5,179 మంది ఏజెంట్ల డేటాను చూశారు. కస్టమర్‌తో చాట్ చేస్తున్నప్పుడు ఏం జవాబు ఇవ్వాలో ఏఐ పక్క నుంచి సూచిస్తుంది. దీనివల్ల గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవారిలో, నైపుణ్యం తక్కువ ఉన్నవారిలో ఈ పెరుగుదల 34 శాతం. అనుభవం, నైపుణ్యం బాగా ఉన్నవారిలో మాత్రం పెద్దగా తేడా లేదు.

మంచి వార్తే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఏఐకి అంత తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? బాగా పనిచేసే ఏజెంట్ల పాత సంభాషణల నుంచే. వాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్న మాటతీరు, చిట్కాలు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాయి. అక్కడి నుంచి అందరికీ అందాయి.

ఇప్పుడు దీన్ని పోటీ బోనస్‌తో కలిపి చూడండి. బోనస్ ర్యాంకును బట్టి వస్తుందనుకుందాం. టాపర్ నైపుణ్యంతోనే మిగతావాళ్లు పైకి వచ్చారు. టాపర్ అక్కడే ఉన్నాడు. గ్యాప్ తగ్గింది, ర్యాంకు కదిలింది, బోనస్ తగ్గింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు కాదా? మరుసటిసారి ఆ టాపర్ తన మంచి పద్ధతిని సిస్టమ్‌లో నమోదు చేస్తాడా? లేక పండ్ల తోట కూలీల్లా కాస్త నెమ్మదిస్తాడా?

హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో కస్టమర్ సపోర్ట్, బ్యాక్ ఆఫీస్ ఉద్యోగాలు చేసేవారికి ఇది రేపటి సంగతి కాదు. కంపెనీలు ఏఐ టూల్స్‌ను ఇప్పటికే పనిలోకి తెస్తున్నాయి. టూల్ మారింది కానీ బోనస్ లెక్క మారకపోతే చిక్కు తప్పదు. పోటీ బోనస్, నైపుణ్యం పంచే టెక్నాలజీ ఒకే ఒరలో రెండు కత్తులు.

కంపెనీల వాదనలోనూ నిజం ఉంది

ఇదంతా విన్నాక యంత్రాలన్నీ తీసేయాలా? అలా అనుకోవడం కూడా తొందరపాటే. మేనేజర్ మనసులోని లెక్క అంత గొప్పదేం కాదు. అందులో బంధుప్రీతి ఉంటుంది, కులం, ప్రాంతం, ఆడామగా తేడా తొంగిచూస్తాయి. ప్రసూతి సెలవు నుంచి వచ్చిన మహిళకు ఎందుకు తక్కువ రేటింగ్ ఇచ్చారని అడిగితే జవాబు దొరకదు. బాస్‌తో టీ తాగేవాడికి మంచి రేటింగ్ వస్తుందన్న మాట ప్రతి ఆఫీసులోనూ వినిపించేదే. సరైన అంకె చేతిలో ఉంటే మౌనంగా పనిచేసే ఉద్యోగికి అదే ఆయుధం.

అయితే ఆ అంకె ఉద్యోగికి కూడా కనిపించాలి. కంపెనీకి మాత్రమే కనిపిస్తే అది ఆయుధం కాదు, కొరడా.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. సామాజిక భద్రత కోడ్ గిగ్ వర్కర్లను తొలిసారి గుర్తించింది. వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలని కంపెనీలకు చెప్పింది. మంచి అడుగే. కానీ అది సంక్షేమం గురించి మాట్లాడుతుంది తప్ప, ఇన్సెంటివ్ లెక్క ఎలా కడుతున్నారన్న దాని జోలికి పోదు.

2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతేంటి? ఉద్యోగ అవసరాల కోసం డేటా వాడుకోవడాన్ని ఈ చట్టం చట్టబద్ధమైన వినియోగాల జాబితాలో చేర్చింది. అంటే అలాంటి సందర్భాల్లో ఉద్యోగి సమ్మతి విడిగా తీసుకోనక్కర్లేదు. ఎవరి డేటానో వారు అడిగి తెలుసుకునే హక్కును మాత్రం ఈ చట్టం ప్రధానంగా సమ్మతి మీద ఇచ్చిన డేటాకు ముడిపెట్టింది. ఆఫీసు లాగిన్ డేటా విషయంలో ఉద్యోగి చేతిలో ఉన్న అస్త్రం బలహీనమే.

రాష్ట్రాలు కొంత ముందున్నాయి. 2023లో రాజస్థాన్ గిగ్ వర్కర్ల చట్టం తెచ్చింది. 2025లో కర్ణాటక తెచ్చిన చట్టం ఇంకో అడుగు వేసి, ఆటోమేటిక్ నిఘా, నిర్ణయాల వ్యవస్థల గురించి వర్కర్లకు చెప్పాలని కోరింది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్‌లో గిగ్ వర్కర్ల ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. అయితే ఇవన్నీ యాప్ వర్కర్లకే. ఆఫీసులో కూర్చునే లక్షలమంది ఉద్యోగులకు ఇలాంటి రక్షణ లేదు.

విదేశాల్లో కాలిఫోర్నియా చట్టం చూడదగ్గది. 2022 జనవరి నుంచి అక్కడి పెద్ద గోదాముల్లో టార్గెట్ ఎంతో కార్మికుడికి రాతపూర్వకంగా చెప్పాలి. టార్గెట్ వల్ల తన హక్కులకు భంగం కలుగుతోందని భావిస్తే, గత 90 రోజుల తన పని వేగం డేటాను అడిగి తీసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో అమెజాన్ గోదాముల సంస్థకు అక్కడి డేటా నియంత్రణ సంస్థ 3.2 కోట్ల యూరోల జరిమానా వేసినట్టు 2024 జనవరిలో ప్రకటించింది. ఒక వస్తువును స్కాన్ చేసిన 1.25 సెకన్లలోపే ఇంకోదాన్ని స్కాన్ చేస్తే తప్పుగా నమోదు చేసేంత లోతైన నిఘా మితిమీరిందని చెప్పింది.

మీరు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. వచ్చే అప్రైజల్ మీటింగ్‌లో ప్రతి ఉద్యోగీ మర్యాదగానే అడగగలిగిన ప్రశ్నలు నాలుగున్నాయి.

ఒకటి.. నా వేరియబుల్ పే నా పనిని బట్టి వస్తుందా, టీమ్‌లో నా స్థానాన్ని బట్టి వస్తుందా?

రెండు.. నా గురించి సిస్టమ్ ఏమేం కొలుస్తోంది? అందులో జీతంతో ముడిపడినవి ఏవి?

మూడు.. ఆ అంకెలను నేను చూడొచ్చా? తప్పు ఉంటే ఎవరికి చెప్పాలి? నెట్ పోయిన గంట, సిస్టమ్ హ్యాంగ్ అయిన గంట ఎవరి ఖాతాలో పడుతోంది?

నాలుగు.. కొత్తవారికి నేర్పడం, ఇంకొకరి సమస్య తీర్చడం, ఏఐకి పనికొచ్చే మంచి పద్ధతిని అందించడం.. వీటికి లెక్కలో చోటుందా?

నాలుగో ప్రశ్నకు జవాబు లేదంటే, టీమ్ వర్క్ గురించి ఆ కంపెనీ గోడల మీద ఎన్ని పోస్టర్లు అంటించినా ఉపయోగం లేదు. పోస్టర్ చెప్పేది ఒకటి, పేస్లిప్ చెప్పేది ఇంకోటి. ఉద్యోగి నమ్మేది పేస్లిప్‌నే.

యాజమాన్యాలకు కూడా సేఫ్‌లైట్, పండ్ల తోట చెప్పే మాట ఒక్కటే. యంత్రంతో లెక్కపెట్టండి, తప్పు లేదు. కానీ ఆ లెక్క మనిషికి, అతని పనికి మధ్య ఉండాలి. పక్క సీట్లో ఉన్న మనిషికి, అతనికి మధ్య కాదు. ఈ తేడాను పట్టించుకోని చోట సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా కంపెనీకి మిగిలేది కదులుతున్న మౌస్, ఆగిపోయిన పని.